చేతి చలవ

ఆ వేసవంతా నేను తాడేపల్లిగూడెంలోనే ఉన్నాను కానీ తాడేపల్లిగూడెం చూడలేదు. చూసింది మా మేనత్త వంటిల్లు. దానికి వీధి వైపు కిటికీ లేదు. పెరటి గుమ్మంలో నిలబడితే రైసుమిల్లు పొగగొట్టం, దాని పక్కన వడ్ల బళ్ళు విప్పే పాక, ఆ పైన ఇంత ఆకాశం. స్టేషను కనిపించదు, రైలు కూత మాత్రం వినిపిస్తుంది. ఏలూరు వైపు పోయే బండికీ, రాజమండ్రి వైపు పోయే బండికీ కూతలో తేడా ఏముంటుందే అని మామయ్య నవ్వేవాడు. నాకు తెలిసేది.

మాది కలిదిండి దగ్గర చిన్న పల్లె. ముప్ఫై ఒకటిలో కొల్లేరు పొంగి మా చేను మునిగింది. ధరలు పడిపోయి, మునగనివాళ్ళ వడ్లనైనా కొనే నాథుడు లేడు. ఆ మరుసటి వేసవికి నేను ఎనిమిదో క్లాసు ప్యాసయ్యాను. మా మాస్టారు కాళ్ళరిగేలా తిరిగి ఏలూరులో ఆడపిల్లల ట్రైనింగు స్కూల్లో నాకు సీటు ఇప్పించారు. రెండేళ్ళు చదివితే పంతులమ్మనవుతాను. తిండీ బసా వాళ్ళవే. ఒక్కటే షరతు, జూన్‌లో బడి తెరిచే రోజున మనిషి అక్కడ ఉండాలి. లేకపోతే ఆ సీటు వేరే పిల్లకి వెళ్ళిపోతుంది.

పాపాయమ్మ అత్తయ్య నాన్నకి అక్క. పిల్లల్లేరు. ఆవిడా, రామకోటి మామయ్యా మిల్లు వెనకాల పూటకూళ్ళ ఇల్లు నడుపుతారు. మిల్లు గుమాస్తాలూ, గూడ్సు షెడ్డులో పనిచేసేవాళ్ళూ, బళ్ళవాళ్ళూ అక్కడ భోంచేసేవాళ్ళు. జీతాలు తగ్గాక వాళ్ళు పూటకి అణాన్నర కన్నా ఎక్కువ ఇవ్వలేమన్నారు. అణాన్నరకి అత్తయ్య పెట్టే భోజనం తినలేమని కూడా అన్నారు. సగంమంది రావడం మానేశారు.

ఉగాది వెళ్ళాక అత్తయ్య మా ఇంటికి వచ్చింది.

"ఒరే గంగరాజూ, పిల్లని ఏరువాక దాకా నా దగ్గరుంచరా. నడుం పట్టేసి చస్తున్నాను. బడి తెరిచేనాటికి నేనే ఏలూరు రైలెక్కిస్తాను" అంది.

"దాన్నడుగక్కా" అన్నాడు నాన్న.

నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాను. నలుగురిలో నోరు విప్పడం నా వల్ల కాదు. ఏదున్నా డైరీలో రాసుకోవడమే.

గూడ్సు షెడ్డు పక్కన ఒక కొట్టుంది. బస్తాల అడుగున మిగిలినవీ, దించేటప్పుడు ఒలికినవీ, వానకి తడిసి ఆరినవీ అక్కడ సగం ధరకి ఇచ్చేవారు. అడుగు సరుకు అమ్ముతారు గనక దాన్ని అందరూ అడుగుల కొట్టు అనేవాళ్ళు. మామయ్య మొదటిరోజు అక్కణ్ణించి తెచ్చిన మూట విప్పితే కంది, పెసర, మినప, శనగ, నాలుగు పప్పులూ ఇసకతో సహా కలిసిపోయి ఉన్నాయి. అత్తయ్య రాళ్ళేరి మొత్తం ఒకే కుండలో పోసి ఉడకేసేది. పెసర గంజయిపోయేది, శనగ పంటికింద రాయిలా తగిలేది.

నేను చేట తీసుకుని పెరటి అరుగు మీద కూర్చున్నాను.

"ఏం చేస్తున్నావే రత్నం?"

"విడదీస్తున్నానత్తయ్యా."

"పప్పులక్కూడా కులాలు చూస్తున్నావా?" అని నవ్వి, నడుం పట్టుకుంటూ లోపలికి పోయింది.

విడదీశాక పెసరపప్పు తోటకూర కాడల్లోకి వెళ్ళింది. శనగపప్పు నానబెడితే దోసకాయ కూరలోకి వచ్చింది. మినప్పప్పు వేయించి పచ్చట్లో నూరాను. కందిపప్పు మరీ కొంచెం తేలింది. దాన్ని మెత్తగా మెదిపి, రాలిన మామిడిపిందెలు వేసి పలచగా పప్పుచారు పెట్టాను.

బియ్యం కొనే స్తోమతు లేదు, మిల్లు నూకలే. నూకలు ఊరికే ఉడకేస్తే సంకటి అవుతుంది. కడిగి గుడ్డ మీద ఆరబోసి, కుండలో దోరగా వేయించి, కాగే నీళ్ళు పోసి, సగం ఉడకగానే దించి నిప్పుల మీద మూతపెట్టి వదిలెయ్యాలి. అప్పుడు పువ్వులా విడుతుంది. ఇవన్నీ అమ్మ చేసేవే. వరద వచ్చిన ఏడు అందరిళ్ళలోనూ చేసినవే.

అన్నిటికన్నా పేరు తెచ్చింది ఉలవచారు. బళ్ళ పాకలో ఎద్దుల కోసం రోజూ ఉలవలు ఉడకేస్తారు. ఉలవలు ఎద్దులకి పోతాయి, ఆ నీళ్ళు నేలపాలు. ఎద్దులున్న ప్రతి రైతింట్లోనూ వాటితో చారు కాస్తారు. ఎద్దుల్లేని అత్తయ్యకి మాత్రం ఆ ఆలోచన రాలేదు. ఆ నీళ్ళు అడిగి తెమ్మని మామయ్యతో చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. చివరికి అంట్లు తోమే అచ్చమ్మ చేత చెప్పించాను. మిల్లులో ఊక ఊరికే ఇస్తారు. ఊక పొయ్యి మీద పొద్దుటినించీ కాగి కాగి చిక్కబడితే, చింతపండూ ఉల్లిపాయలూ ఇంత బెల్లం ముక్కా వేసి, ఆఖర్న వెల్లుల్లి పోపు పెట్టాను.

నేను ముందుగదిలోకి వెళ్ళేదాన్ని కాను. తలుపు వెనకనించి వినేదాన్ని. ఆ రోజు గూడ్సు గుమాస్తా అబ్బాయిరాజుగారు రెండోసారి చారు పోయించుకుని అన్నారు:

"పాపాయమ్మగారూ, ఇదీ అణాన్నరలోదేనాండీ?"

"అందులోదేనండీ."

"అయితే ఎద్దుల నోటికాడిది లాక్కుంటున్నామన్నమాట. అవేం అనుకోవు కదండీ?"

"మీరు ఇలాగే తింటే రేపు మిమ్మల్నే కాడికి కడతారండీ" అంది అత్తయ్య. ఆ ఇంట్లో అంతమంది ఒకేసారి నవ్వడం నేను అప్పుడే విన్నాను. తలుపు వెనక నేనూ నవ్వుకున్నాను. ఆ రోజు డైరీలో రాసుకున్నదంతా సంతోషమే.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. వెళ్ళాల్సిన బళ్ళు ఆగిపోయాయి. తడిసినవాళ్ళంతా భోజనానికి మా ఇంట్లోకి వచ్చేశారు. తిని లేచినవాళ్ళ స్థానంలో మళ్ళీ కొత్తవాళ్ళు కూర్చునేవాళ్ళు. అత్తయ్య ముందుగదిలో వడ్డిస్తూ లోపలికి వచ్చినప్పుడల్లా అన్నం కుండ నిండుగానే ఉంది. నిండుగా ఉండక ఏమవుతుంది? మర్నాటికని వేయించి పెట్టుకున్న నూకలు మూకుడులో ఉన్నాయి. వేణ్ణీళ్ళు పోస్తే చాలు. అచ్చమ్మ నీళ్ళు కాస్తోంది, నేను పోస్తున్నాను. చారులో గంజి కలిపాను.

అందరూ వెళ్ళాక అత్తయ్య కుండలోకి తొంగి చూసింది. ఇంకా మా నలుగురికీ సరిపడా ఉంది. నా కుడిచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, ఇలా రండి. ఈ పిల్ల చేతిలో చలవుందండీ. పట్టిందల్లా పెరుగుతోంది."

"వేయించిన నూకలున్నాయత్తయ్యా" అన్నాను. గొంతు నాకే సరిగా వినిపించలేదు. అచ్చమ్మ కూడా ఏదో చెప్పబోయింది. అత్తయ్య అప్పటికే నా చేతిని కళ్ళకద్దుకుంటోంది.

మర్నాటినుంచి పద్ధతులు మారిపోయాయి. పొద్దున్నే నూకల తొట్టిలోంచి మొదటి గుప్పెడు నేనే తియ్యాలి. ప్రతి కుండలోనూ ఉప్పు నా చేత్తోనే పడాలి. నా చేత్తో బయటివాళ్ళకి ఏదీ ఇవ్వకూడదు. పక్కింటి పిల్ల పాలతోడుకి గిన్నె పట్టుకొస్తే, నా చేతిలోంచి అత్తయ్య తీసుకుని తను ఇచ్చింది. "నువ్విస్తే మన చలవ వాళ్ళింటికి పోద్దే" అంది. బిచ్చం వెయ్యడానికి కూడా వీల్లేదు. బజారుకి వెళ్తే చేతికి దిష్టి తగులుతుంది. అడుగుల కొట్టు ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎంతో ఉండేది. అచ్చమ్మ చెబుతుంటే వినడమే.

సాయంత్రాలు అత్తయ్య నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, నా రెండు చేతులకీ వెన్న రాసేది. బాగా పగిలిపోయాయే అమ్మా అని బాధపడేది. మా అమ్మ కూడా నాకు అంత ప్రేమగా ఎప్పుడూ రాయలేదు. కదలకుండా పడుకునేదాన్ని. ఆ చేతులు నావి కావనిపించేది.

"అత్తయ్యా, జూన్ వస్తోంది" అన్నాను ఒకసారి.

"వస్తే రానీ. అది వస్తే వానలొస్తాయి, ఎండ తగ్గుతుంది" అంది.

ఆ నెల నేను దూరం ఉండాల్సిన మూడు రోజులు వచ్చాయి. వంటింటి గడప తొక్కకూడదు, కుండ తాకకూడదు. పెరట్లో గడ్డివాము పక్కన చాపేసుకుని కూర్చున్నాను. అత్తయ్య నెత్తిన చేతులు పెట్టుకుంది. నాకు మాత్రం లోపల దీపం వెలిగినట్టయింది. అచ్చమ్మని పిలిచి, కూర్చున్నచోటినుంచే చెప్పాను. ఇప్పుడు వేయించు, కమ్మని వాసన రాగానే ఆపు, ఇప్పుడు దించు. అచ్చమ్మ గుమ్మంలోకి వచ్చి వేళ్ళ మధ్య మెతుకు పెట్టి చూపించేది. నేను తల ఊపేదాన్ని. ఆ మూడు రోజులూ నా గొంతు ఎంత పెద్దదో నాకే ఆశ్చర్యమైంది.

ఎవరూ తేడా పట్టలేదు. అబ్బాయిరాజుగారు రోజూలాగే మారు అడిగారు.

మూడో రోజు సాయంత్రం అత్తయ్య దగ్గర తెగించి అన్నాను. "చూశారా అత్తయ్యా? నా చెయ్యి పడలేదు. అచ్చమ్మకి అన్నీ వచ్చేశాయి. నేను వెళ్ళినా ఇబ్బందేం ఉండదు."

అత్తయ్య కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదే" అంది. "చెయ్యి పడకపోతేనేం? నీ గాలి తగిలింది, నీ మాట పడింది. చలవంటే అదే మరి."

అచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు. ఇంక ఏం చేసి చూపించినా ఆ లెక్క నా మీదికే వస్తుందని అప్పుడు అర్థమైంది. కావాలని వంట పాడు చేద్దామని కూడా అనుకున్నాను. ఉప్పు గుప్పిట్లోకి తీసుకున్నాను కూడా. అవతల బళ్ళవాళ్ళు పొద్దుటినించీ ఏమీ తినకుండా వచ్చి కూర్చుని ఉన్నారు. తిరిగి డబ్బాలో పోసేశాను.

బడి తెరవడానికి మూడు రోజులుందనగా నాన్న వచ్చాడు. ఏలూరు దాకా బండి మీద, అక్కణ్ణించి రైల్లో. తిరిగి వెళ్ళేటప్పుడు నన్ను ఏలూరులో దింపి వెళ్తాడని నా ఆశ. బాగా చిక్కిపోయాడు. ఇంటి దగ్గర పొద్దున గంజి, రాత్రి గంజి అని చెప్పకుండానే తెలుస్తోంది.

ఆ పూట నాకు వచ్చినవన్నీ వండాను. చింతచిగురు ఆఖరి కోత దొరికితే ఎండు రొయ్యపొట్టు వేసి కూర చేశాను. ఉలవచారు గరిట నిలబడేంత చిక్కగా కాచాను. నాన్న సంతోషిస్తే నా వైపు మాట్లాడతాడనుకున్నాను.

నాన్న తల ఎత్తకుండా తిన్నాడు. ఆకు నాకినట్టు తుడుచుకుని తిన్నాడు. అత్తయ్య పక్కన కూర్చుని విసురుతోంది.

"నీ చెయ్యి పడితే పచ్చని చేను మునిగింది. పెట్టిన చెట్టల్లా ఎండిపోయింది. అలాంటి నీ కడుపున ఇలాంటి చెయ్యి పుట్టింది చూడరా! దీన్ని నా దగ్గర ఉండనివ్వు. నెలకో బస్తా నూకలు మీ ఇంటికి పంపిస్తాను. మీ బావగారినీ అడిగాను, ఆయనా సరేనన్నారు."

"మరి బడో?" అన్నాడు నాన్న. నా వైపు చూడలేదు. ఆకులో మిగిలిన ఒక్క మెతుకుని వేలితో తీశాడు.

"బడి ఎక్కడికి పోద్దిరా?"

నాన్న ఆ మెతుకు నోట్లో వేసుకున్నాడు. "అన్నం బాగుందమ్మా" అన్నాడు. ఆకు మడుస్తూ, "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు.

నేను ఆకులు ఎత్తేశాను. పేడతో అలికాను. ఆ రోజు డైరీలో ఏమీ రాయలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న పెరటి అరుగు మీద పళ్ళు తోముకుంటూ, "ఆ ఉలవచారు ఎలా కాస్తావో చెప్పమ్మా, మీ అమ్మకి చెబుతాను. ఎద్దులుండీ మేం ఇంత చిక్కగా ఎప్పుడూ కాయలేదు" అన్నాడు.

చెప్పాను. నాన్న వేళ్ళు మడుచుకుంటూ విన్నాడు. తిరిగి అప్పజెప్పమన్నాను. బెల్లం ముందు వేస్తానన్నాడు. కాదు, చింతపండు ఉడికాక అన్నాను. మళ్ళీ అప్పజెప్పాడు. నూకల సంగతి అడిగాడు. అదీ చెప్పాను. అప్పజెప్పాడు.

"ఇంతేనా?"

"ఇంతే నాన్నా."

"మరి చలవ?"

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. "నాకు తెలీదు నాన్నా. నేను ఎప్పుడూ చూడలేదు" అన్నాను. ఏడుపొచ్చేసింది.

నాన్న నోరు పుక్కిలించి, కండువా నడుముకి చుట్టుకున్నాడు. లోపలికి వెళ్ళి, "అక్కా, ఇవాళ వంట నేను చేస్తాను" అన్నాడు.

అత్తయ్య ఫక్కున నవ్వింది. "ఎవరైనా తినాలా వద్దా?"

"పిల్ల ఇంట్లో ఉండదు. మళ్ళీ గాలి తగిలిందంటావు. బావగారూ, దీన్ని స్టేషను దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. అచ్చమ్మా, నువ్వు కూడా పొయ్యి దగ్గరికి రాకు. నా చెయ్యి సంగతి అక్కకి బాగా తెలుసు. నాదొక్కటే పడాలి."

"ఒరే, నా పొట్ట కొట్టకురా!"

"పాడైతే నేనే నోరు మూసుకుని వెళ్ళిపోతాను. దీన్ని నీ ఇష్టం వచ్చినన్నాళ్ళు ఉంచుకో. బాగుంటే నాతో తీసుకెళ్తాను."

అత్తయ్య సరేనంది. తమ్ముడి చేతి మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది. తప్పకుండా పాడైపోతుందనే ఒప్పుకుంది.

ఆ ఇంటికి వచ్చాక నేను మొదటిసారి వీధిలో నడిచాను. అడుగుల కొట్టు ఇంత చిన్నదా అనుకున్నాను. స్టేషను బెంచీ మీద మామయ్య పక్కన కూర్చున్నాను. ఎండ రేకుల మీద పడుతోంది. మా నాన్నకి నాగలి పట్టడం తెలుసు, పడవ తొయ్యడం తెలుసు. నిప్పుల మీద కుండ దించాల్సిన వేళ తెలుసా? నూకల వాసన పడతాడా? ఏలూరు బండి వచ్చింది. బండి కిటికీలోంచి కూజా పట్టుకున్న ఒక పిల్ల నన్ను చూసింది. బండి వెళ్ళిపోయింది. మామయ్య వేరుసెనక్కాయలు కొనిపెట్టాడు. పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నాను.

భోజనాల వేళ దాటాక అబ్బాయిరాజుగారు కండువాతో మూతి తుడుచుకుంటూ షెడ్డు వైపు వస్తున్నారు. మమ్మల్ని చూసి ఆగిపోయారు.

"రామకోటిగారూ, మీ మేనకోడలేనాండీ? ఇక్కడున్నావేంటమ్మా? మరి లోపల ఆ వంట ఎవరు చేశారు?"

మామయ్య నా వైపు చూశాడు. నేను చెప్పాలి.

"మా నాన్నగారండీ."

"ఆయ్! నిజమా? ఉప్పు కాస్త ఎక్కువైంది గానీ, నేను మూడుసార్లు పోయించుకున్నానమ్మా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య ముందుగదిలో ఖాళీ ఆకు ముందు కూర్చుని ఉంది. తిన్నట్టుంది. నాన్న గుమ్మంలో చేతులకి మసితో నిలబడ్డాడు. అత్తయ్య నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. చెయ్యి పట్టుకోలేదు.

"చలవ మాట అటుంచవే" అంది. "నువ్వెళ్తే సాయంత్రం పూట నేను ఎవరితో మాట్లాడను?"

"బావగారున్నారు కదక్కా" అన్నాడు నాన్న. "ఆయనకి ఉలవల ధర తప్ప మాటల్లేవురా" అని కళ్ళు తుడుచుకుంది. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మర్నాడు మేము బయల్దేరుతుంటే బయటికి రాలేదు. వంటింట్లో నూకలు వేగుతున్న వాసన వీధి దాకా వచ్చింది. అచ్చమ్మ కాదు, అత్తయ్యే వేయిస్తోందని మామయ్య చెప్పాడు. కాస్త మాడింది.

ఇది ఏలూరు హాస్టల్లో కూర్చుని రాస్తున్నాను. వచ్చి నెల దాటింది. ఇక్కడా నూకలే. పోయినవారం వంటావిడకి జ్వరం వస్తే, మేట్రనుగారు హాల్లో నిలబడి, "వంట వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు. నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నేల వైపు చూశాను. కామేశ్వరి అనే పిల్ల ఎత్తింది.

ఆ పూట అన్నం సంకటయింది, కానీ చారు చాలా బాగుంది. మధ్యలో కామేశ్వరి చెమటలు కారుతూ వచ్చి నా పక్కన వంగి, "ఎలా ఉంది?" అని అడిగింది. బాగుందనబోయి ఆగాను. అటు మేట్రనుగారు మారు పోయించుకుంటున్నారు, ఎవరు చేశారే అని అడుగుతున్నారు.

నేను కామేశ్వరి చెవి దగ్గరికి జరిగి, "రేపు చెయ్యెత్తకు" అన్నాను.